కడిగిన వాల్వులు

నేను మెకానిక్ ఇంటికి వెళ్లేసరికి మైకుసెట్టు గాజు వాల్వులన్నీ కడిగి, చేటలో పాత చీరముక్క పరిచి, దాని మీద వరసగా ఎండబెట్టి ఉన్నాయి. మొత్తం నలభై మూడు. సబ్బు పొడి వాసన ఇంకా పోలేదు. మెకానిక్ భార్య గడపలో కూర్చుని చివరిదాన్ని బనీను గుడ్డతో తుడుస్తోంది.

"చూడు పేపరయ్యా, ఎట్ల మెరుస్తున్నయో. ముప్పై ఏండ్ల మట్టి. మూడు బకెట్ల నీళ్లు ఎర్రగైనయి."

ఒకటి తీసి చూశాను. గాజు తేటగా ఉంది. లోపలి రేకులు, వెంట్రుకంత తీగలు, పైన అద్దం పూతలాంటి వెండి మరక, అన్నీ కనిపిస్తున్నాయి. గాజు మీద తెల్లగా ఉండాల్సిన అక్షరాలు మాత్రం లేవు. రెండోదాని మీదా లేవు. మూడోదాని మీద సగం అంకె మిగిలింది. వేలితో తాకితే అదీ వేలికి అంటుకుని వచ్చేసింది.

మర్నాడు హైదరాబాద్ నుంచి మనిషి రావాలి. అతను వస్తున్నది ఆ అక్షరాలున్న వాల్వుల కోసం.

ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. బైలాడిలా ఇనుప గని కొండ కింద కాపురం చేసేవాళ్లు ఏ వస్తువునైనా కడిగే ఇస్తారు. ఇనుపరాయి దుమ్ము మూత పెట్టిన డబ్బాలోకి కూడా దూరుతుంది. అరువు తెచ్చిన గిన్నె కడిగి తిరిగిస్తారు. పెళ్లిలో చదివించే స్టీలు బిందెను దుకాణం నుంచి తెచ్చాక ఇంట్లో మళ్లీ కడుగుతారు. ఎర్ర మట్టితో ఉన్నదాన్ని అలాగే చేతిలో పెడితే, వచ్చినవాణ్ణి మనిషిగా చూడలేదన్నట్టే. హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి తన భర్త కోసం ఇంత దూరం వస్తుంటే ఆమె ఆ పెట్టెను మట్టితో ఎలా అప్పగిస్తుంది?

ఆమె భర్తను మెకానిక్ అనే రాస్తాను. అందరూ అలాగే పిలిచేవారు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆమెను వదినె అనేవాణ్ణి. భార్యాభర్తలిద్దరిదీ తెలుగు సరిహద్దులో తర్లగూడ వైపు పల్లె, కూలి కుటుంబాలు. గని కొత్తగా తెరిచిన రోజుల్లో అతను కుర్రవాడిగా కొండ కిందికి వచ్చి, టౌన్‌షిప్పు క్లబ్బులో మైకుసెట్టు నడిపే ఒక ఆంధ్రా ఉస్తాదు దగ్గర సహాయకుడిగా చేరాడు. అప్పట్లో ఆంప్లిఫయర్లన్నీ వాల్వులవే. ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోల్లో ఎర్రగా వెలిగేవే, ఆ గాజు బుడ్లు. ఆదివారం క్లబ్బు మైదానంలో తెర కట్టి సినిమా వేస్తే ఆ శబ్దం ఇతని చేతిలో ఉండేది. సినిమాకు ముందు తెలుగులో, హిందీలో, హల్బీలో, గోండీలో నాలుగుసార్లు అదే ప్రకటన చదివేవాడట: "పిల్లలను తెర ముందునుంచి లేపండి." నాలుగు భాషల్లోనూ ఎవరూ లేపేవారు కాదని నవ్వేవాడు.

తర్వాత వాల్వులు పోయాయి, సినిమా పోయింది, ఉస్తాదు తన ఊరికి పోయాడు. పాత సామాను వేలం వేసినప్పుడు కొన్నవాళ్లు రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్లు పట్టుకెళ్లి, విడి వాల్వుల పెట్టెను అక్కడే వదిలేశారు. దాన్ని ఇతను రసీదు రాయించుకుని మరీ తెచ్చుకున్నాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఊరి బయట ఒక చిన్న కాంట్రాక్టరు యార్డులో రాయి ఎత్తించే పని. పెట్టె మంచం కిందే ఉంది. ఎప్పుడైనా తీసి చూసుకుంటాడు తప్ప ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

నేను ఒక తెలుగు దినపత్రికకు ఆ ప్రాంతపు వార్తలు పంపేవాణ్ణి. వార్తల్లేని ఒక వారం అతని మీద, ఆ పెట్టె మీద ఒక చిన్న బాక్సు ఐటం రాశాను. పది పన్నెండు వాక్యాలు. అది చదివి హైదరాబాద్‌లో వాల్వు ఆంప్లిఫయర్లు తయారుచేసే ఒకాయన పత్రిక చిరునామాకు ఉత్తరం రాశాడు. అలాంటి వ్యాపారం ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. సంగీతం పిచ్చి ఉన్న ధనవంతులు మళ్లీ వాల్వుల సెట్లు చేయించుకుంటున్నారట. కొత్తగా చేసిన వాల్వులు వాళ్ల చెవికి ఆనవట. నలభై ఏళ్ల కిందట ఫలానా దేశంలో ఫలానా ఫ్యాక్టరీలో తయారైనవే కావాలి. ఏ ఫ్యాక్టరీదో చెప్పేది గాజు మీది అచ్చు.

ఉత్తరంలో ఇంకో మాట ఉంది. పాత వాల్వుల గొంతు తెలిసిన మనిషి తనకు ఒకరు కావాలని, కూర్చుని చేసే పనేనని, షాపు మీద ఒక గది ఉందని.

ఆ మాట దగ్గర మెకానిక్ నన్ను ఆపి మళ్లీ చదవమన్నాడు. అప్పటికి రెండేళ్లుగా అతనికి దగ్గు. పది అడుగులు నడిస్తే నిలబడిపోయేవాడు. ఆసుపత్రిలో డాక్టరు ఒకటే చెప్పేవాడు, ఈ దుమ్ము లేని చోటికి వెళ్లిపో అని. ఎక్కడికి వెళ్లడం? ఊళ్లో ఉన్న కాస్త చెలక తమ్ముడు దున్నుకుంటున్నాడు. ఆ ఊపిరితో నాగలి పట్టలేడు, తునికాకు కోయలేడు. కూర్చుని చేసే పని అతనికి తెలిసింది ఒక్కటే. అది ప్రపంచంలో లేకుండా పోయి పదిహేనేళ్లయింది. ఇప్పుడు ఉందని ఉత్తరం వచ్చింది.

అతను హిందీ బడిలో చదివినవాడు. తెలుగు మాట్లాడతాడు, తెలుగు లిపి రాదు. కాబట్టి ఉత్తరం నేనే చదివి వినిపించాను. పత్రికల్లో స్థలం చాలకపోతే వార్తను కింది నుంచి కోస్తారు. అసలు సంగతి పైనే ఉంటుందని నమ్మకం. ఆ అలవాటుతోనే కాబోలు, ఆఖరి పేరాలోని మర్యాద మాటలను చదవకుండా మడిచి పెట్టేశాను. వాల్వులు కడిగిన రోజు ఇంటికెళ్లి మళ్లీ విప్పి చూస్తే ఆ పేరాలో ఈ వాక్యం ఉంది: "దయచేసి గాజును తుడవవద్దు, ముద్ర చెదిరిపోతుంది."

ఈ సంగతి వాళ్లిద్దరికీ ఆ సాయంత్రమే చెప్పాను. మెకానిక్ "పోనీ తమ్మీ" అన్నాడు. కానీ అది తర్వాతి మాట.

వాల్వులు కడిగిన రోజు అతను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. చేట ముందు నిలబడి ఊపిరి కూడదీసుకున్నాడు. ఒక వాల్వు తీసి వెలుతురుకు పట్టి తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు.

"మంచిగ మెరుస్తున్నయి," అన్నాడు.

ఆమెకు ఆ గొంతు అర్థమైంది. "ఏందయ్యా, ఏమైంది?"

"రాత పోయింది."

"ఏం రాత?"

"పేరు. నంబరు. అన్నీ."

ఆమె చేతిలోని గుడ్డ వైపు చూసుకుంది. తర్వాత లేచి నిలబడి గట్టిగానే అంది: "సబ్బు తగిలితే పోయే రాత రాసినోనిది తప్పు గాని నాదెట్లయితది? పదిహేనేండ్ల సంది ఒక్కనాడన్న ముట్టనిచ్చినవా? ఇది గిట్ల, ఇది గట్ల అని ఒక్క మాటన్న చెప్పినవా? పెండ్లానికంటే ఎక్కువ దాచినవు గదా మంచం కింద!"

"పెండ్లాన్ని దాస్తే ఊకుంటదా," అన్నాడు. అని మెట్టు మీద కూర్చున్నాడు.

అతనే ముందు కదిలాడు. ఉస్తాదు చెప్పిన కిటుకు ఒకటి ఉందన్నాడు. అచ్చు చెరిగిపోయినా, సిరా ఉన్న చోట గాజు కొంచెం వేరుగా ఉంటుంది. దాని మీద నోటి ఆవిరి వదిలితే మంచు పట్టి, ఒక్క క్షణం అక్షరాలు లేస్తాయి. చూపించబోయాడు. నోరు దగ్గర పెట్టి ఊదగానే దగ్గు తెర పట్టుకుంది. వాల్వు జారిపోబోతే నేను అందుకున్నాను.

"ఇటు దే," అని ఆమె లాక్కుంది. నోరు పెద్దగా తెరిచి "హా" అని వదిలింది. గాజు మసకబారింది. ఆ మసకలో, బూడిదరంగులో, ఒక వరస అక్షరాలు లేచాయి. నేను చదివేలోపే పోయాయి.

"ఇంకోసారి వదినె."

"చదువుకున్నోనివి, జెల్దీ చదువరాదా?"

అలా మొదలుపెట్టాం. ఆమె ఊదుతుంది, నేను అక్షరాలు పట్టుకుంటాను, అతను లోపలి రేకుల ఆకారం చూసి రకం చెబుతాడు. నా నోట్‌బుక్కులో ఎడమవైపు అతను చెప్పిన రకం, కుడివైపు నేను చదివింది. పదిహేను అయ్యేసరికి ఆమెకు తల తిరిగింది. అప్పుడు వీధి చివర శీతల పానీయాల దుకాణం గుర్తొచ్చింది. చల్లబడిన గాజును బయటికి తీస్తే దాని మీద నీరు దానంతట అదే పడుతుంది కదా. మిగిలినవాటిని తువ్వాలులో మూటగట్టి తీసుకెళ్లాం. దుకాణదారు ఫ్రిజ్ తలుపు తెరుస్తూ హిందీలో వెక్కిరించాడు. "క్యా మాస్టర్‌జీ, అండే హై క్యా? గుడ్లలోంచి పిల్లలు లేస్తే నాకొకటి." లోపల పావుగంట పెట్టడం, తీయడం, చూడడం. కొన్నింటి మీద ఊరి పేరు సహా లేచింది. కొన్నింటి మీద ఎంత చల్లబరిచినా నీళ్లే పట్టాయి.

సాయంత్రానికి ముప్పై రెండు తేలాయి. పదకొండు తేలలేదు. ఆ పదకొండూ ఒకే రకం, పెద్దవి, స్పీకరుకు వెళ్లే చివరి శబ్దాన్ని మోసేవి. రకం అతను చెప్పగలడు. ఏ దేశంవో, ఎవరు చేసినవో చెప్పలేడు. క్లబ్బు స్టోరుకు రెండు మూడు దేశాల సరుకు వచ్చేదన్నాడు. తేలినవాటికి దారంతో చీటీలు కట్టాం. పదకొండింటినీ ఒక బిస్కెట్ల డబ్బాలో విడిగా పెట్టాం.

మర్నాడు పదకొండు గంటలకు జగదల్‌పూర్ నుంచి అద్దె జీపులో హైదరాబాద్ ఆయన దిగాడు. నలభై ఏళ్లుంటాయి. మెత్తగా మాట్లాడే మనిషి. ఆమె కుర్చీ తుడిచి వేసింది, కప్పులు మళ్లీ కడిగి టీ ఇచ్చింది. ఆయన పెట్టె తెరిచి ఒక వాల్వు తీసి తిప్పి చూశాడు.

"అక్షరాలేవండీ?"

జరిగింది నేను చెప్పాను. నోట్‌బుక్కు చూపించాను. ఆయన కోప్పడలేదు. జీపులోంచి ఒక చిన్న ఆంప్లిఫయరు, స్పీకరు దింపించి, ఒక్కొక్క వాల్వు పెట్టి వేణువు క్యాసెట్టు వేశాడు. మెకానిక్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని విన్నాడు. "ఇది అలిసింది, పక్కన పెట్టుండ్రి." "ఇది ఇందాకటిదానికి జోడు, రెండూ ఒక్క దినం పుట్టినయి." ఒకదాన్ని పెన్సిలుతో తట్టి, స్పీకర్లో టంగుమని మోగితే, "దీనికి భయమెక్కువ, స్పీకరుకు దూరం పెట్టాలె," అన్నాడు. ఆయన తెచ్చుకున్న మీటరుతో కొలిచి చూస్తే ప్రతిసారీ ఇతని మాటే నిలిచింది. ఆ గంటసేపు మెకానిక్ ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆమె లోపలి గుమ్మంలో నిలబడి చేతివేళ్లు విరుచుకుంటూనే ఉంది.

ఆయన ముప్పై రెండింటికీ డబ్బు ఇచ్చి పెట్టెలో సర్దించుకున్నాడు. తర్వాత బిస్కెట్ల డబ్బా తెరిచాడు.

"ఇవే అసలైనవి. ఇవెవరు చేసినవి?"

"తెల్వదు సార్."

"తెలియకపోతే ఇంకా మంచిదే," అని ఆయన నవ్వాడు. "నేను దాచకుండా చెబుతాను. మా దగ్గర అచ్చు వేసే సామాను ఉంది. చెరిగిపోయిన పేర్లు మళ్లీ వేస్తాం. మీ పని సగం అదే. వాల్వు విని, బాగుంటే, దానికి తగ్గ పేరు వేయడం."

"తెలిసినదానికి తెలిసిన పేరు వేస్తే తప్పులేదు. అది దానిదే."

"వీటికి కూడా. ఇంగ్లండు పేరు వేద్దాం. దానికే గిరాకీ."

"ఇవి ఇంగ్లండువి అని నాకు తెల్వదు గదా."

"కొనేవాడికీ తెలియదు. మోగితే చాలు. ఇవి మోగుతాయిగా?"

"మస్తు మోగుతయి. మోగితే చాలైతే పేరెందుకు సార్?"

ఆయన దగ్గర జవాబు లేకపోలేదు, ఓపిక లేదు. చీకటి పడేలోపు దంతెవాడ దాటాలని జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆయన డబ్బా మూత పెట్టి మెకానిక్ చేతికే ఇచ్చాడు. "ఆలోచించుకోండి. వస్తానంటే ఫోన్ చేయండి. వచ్చేటప్పుడు ఇవి తీసుకురండి. అవి తెచ్చారంటే మీరు ఒప్పుకున్నట్టే."

జీపు మలుపు తిరిగాక ఆమె అంది: "రాయరాదయ్యా. పేరులేని పిల్లకు పేరు పెట్టరా?"

"పెడతరు. పక్కింటోని ఇంటిపేరు పెట్టరు."

"నువ్వు ఈడ్నే దగ్గి దగ్గి సచ్చినాక ఏ ఇంటిపేరుతోటి ఏడ్వాలె నేను? కడిగింది నేను. పాపముంటే నాకు రాయమను."

అతను నీతి మాటలేవీ ఎత్తలేదు. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పడం అతనికి అలవాటు లేదు, అంతే. పని వదులుకుందామని కాదు. ఇంకో దారి ఉంటుందేమోనని చూశాడు. ఒక ఉత్తరం నాతో రాయించాడు, తెలిసినవాటికి మాత్రమే అచ్చు వేస్తానని, కావాలంటే జీతం తగ్గించి ఇవ్వమని. జవాబు రాలేదు. ఆమె ఒక నెల అడిగి, తర్వాత అడగడం మానేసింది. ఇరుగుపొరుగుతో మాత్రం మాట మార్చింది. "మావోడు దొంగ పేరు రాయనన్నడు. ఎంతిచ్చినా రాయనన్నడు," అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మెడ నిటారుగా ఉండేది. వాల్వులు కడిగిన రోజు నుంచి ఆమెను అలా చూడడం అదే మొదలు.

వానలు మొదలైన వారంలో అతను నన్ను బజారులోని ఎస్‌టీడీ బూతు దగ్గరికి రమ్మన్నాడు. ఇంటి నుంచి అక్కడికి రావడానికి నాలుగుచోట్ల కూర్చున్నాడట. టౌన్‌షిప్పుకు సెల్‌ఫోన్లు రాని రోజులు.

"కొట్టు తమ్మీ," అన్నాడు. నంబరు నా నోట్‌బుక్కులో ఉంది. కలిపి అతని చేతికిచ్చాను. బూతు చిన్నది, తలుపు సరిగా పడదు. అవతలి మాట కూడా నాకు వినిపించింది.

"సార్, నేను. వస్త. ఆ పదకొండు తెస్త. మీరు ఏ పేరు చెబితే ఆ పేరే రాస్త."

అవతల ఆయన చాలా మర్యాదగా చెప్పాడు, ఇరవై రోజుల కిందటే చెన్నై నుంచి ఒకతను చేరాడని, గది కూడా అతనికే ఇచ్చానని, ఏదైనా ఉంటే కబురు చేస్తానని.

"మంచిది సార్," అని మెకానిక్ ఫోన్ పెట్టేశాడు. బయటికి వచ్చి బూతు గోడకు వీపు ఆనించాడు. వానకు ఎర్రనీళ్లు మోరీలోంచి పొంగి రోడ్డు మీద పారుతున్నాయి. అతను వాటిని దాటలేక నా భుజం పట్టుకున్నాడు.

"మీ వదినెకు చెప్పకు," అన్నాడు. "రాయనన్నడని ఊరంత చెప్పుకుంటాంది. చెప్పుకోనీ."

నేను సరేనన్నాను.

అతను ఆ వానాకాలం దాటలేదు. ఆఖరి పది రోజులు కూర్చునే నిద్రపోయాడు. ఆసుపత్రి మంచం మీద కూడా ఒకసారి, పక్కవార్డులో రేడియో మోగుతుంటే, "దాని స్పీకరు పొర చినిగింది," అన్నాడు. అది నేను విన్న అతని చివరి మాటల్లో ఒకటి. డాక్టరు చెప్పిన దుమ్ము లేని చోటు అతను చూడలేదు.

ఆమె తర్లగూడ దగ్గర తన పుట్టినూరికి వెళ్లిపోయింది. అన్నదమ్ముల ఇంటి వెనక ఒక గది. మిరప కల్లాల్లో కూలికి పోతుంది, ఎండాకాలం తునికాకు కోస్తుంది. పనుల మీద భోపాలపట్నం వైపు వెళ్లినప్పుడు ఆగి పలకరించేవాణ్ణి. బిస్కెట్ల డబ్బా గూట్లో పెట్టుకుంది. ఆ ఊళ్లో దాని కథ తెలియనివారు లేరు. ఒకసారి నేను కూర్చుని ఉండగానే పక్కింటి ముసలమ్మ నాకే చెప్పింది: "ఈమె పెనిమిటి పెద్ద మనిషి బిడ్డా. హైదరాబాదోళ్లు లక్షలిస్తమన్నా అబద్ధం రాయనన్నడట." లక్షలని ఎవరూ అనలేదు. ఆమె సవరించలేదు, నేనూ సవరించలేదు.

బస్సు దాకా సాగనంపడానికి వచ్చి, ఆ రోజు ఆమె అడిగింది.

"పేపరయ్యా, నువ్వు ముందుగాల రాసినవు గద ఆయన మీద. ఆఖరుది రాయవా?"

"ఏం రాయాలె వదినె?"

"జరిగిందే రాయి. దొంగ పేరు రాయనన్నడు, అందుకే పోలేదు, అందుకే సచ్చిండు అని. మా అన్న కొడుకు చదివి వినిపిస్తడు. నేను సబ్బుతోటి కడిగిన సంగతి రాసినా పర్వలేదు. ఆయనకు ఇస్తమన్న గది సంగతి మాత్రం తప్పక రాయి."

రాస్తానన్నాను. ఇంటికొచ్చి కూర్చున్నాను కూడా. మొదటి వాక్యం రాశాను, అది నిజమే. రెండో వాక్యం నిజమే. మూడో వాక్యం దగ్గర, ఎస్‌టీడీ బూతులో అతను రాస్తానన్న మాట అడ్డొచ్చింది. అది లేకుండా రాస్తే ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని ఏమిటో నాకే తెలియదు. అది రాస్తే ఆమె గూట్లో ఇంకేమీ మిగలదు.

తర్వాత రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ బస్సు దిగగానే ఆమె మొదటి మాట, "రాసినవా?" ఇంకా లేదు అన్నాను. ఆ వార్త నేటికీ అచ్చు కాలేదు. ఎందుకు కాలేదో ఆమెకు చెప్పలేదు.